వెల్షు గృహము: గుణదోష విచారము

వేల్సు దేశ చరిత్ర యనగానే పలువురకు కోటలే జ్ఞప్తికి వచ్చును. కర్నార్వన్, కాన్వే, హార్లెక్, బ్యూమారిస్ దుర్గములు 1986లో ప్రపంచ వారసత్వముగ పరిగణింపబడినవి. అవి మహాశిల్పములే. కాని వానిని కట్టించినవాడు ఆ దేశమును జయించిన ఇంగ్లీషురాజు మొదటి ఎడ్వర్డు. జయించినవాని కోట ఓడినవాని బ్రతుకును చెప్పజాలదు. ఆ బ్రతుకును సామాన్యుని గడపయొద్ద వెదకిన గ్రంథము, యోర్వెర్తు పీటు 1940లో ప్రకటించిన 'ది వెల్ష్ హౌస్'.

పీటు వడ్రంగి కుమారుడు. వేల్సుభాష యాతని మాతృభాష. కావుననే కొయ్యను, ఱాతిని, మంటిగోడను, పూరికప్పును ఇంటివాని కన్నులతో చూడగలిగెను. వంపుకొయ్యలను జంటలుగ నేలనుండి వెన్నుదూలమువఱకు నిలిపి కప్పు మోయించు పద్ధతిని, మనుష్యులును పశువులును ఒక్క కప్పుక్రింద వసించు పొడుగిండ్ల తీరును ఆయన శ్రద్ధతో వివరించెను. కట్టినవాని పేరు ఏ శాసనమునను లేదు. ఇల్లే వాని శాసనము. ఈ సత్యమును విద్వాంసులయెదుట నిలుపుట ఈ గ్రంథముయొక్క ప్రధానగుణము.

ఇక దోషము. పీటునకు పల్లెయే వేల్సు. 1948లో సెయింట్ ఫాగన్సున తెఱువబడిన జానపద ప్రదర్శనశాలకు ఆయనయే తొలి అధిపతి. పాతయిండ్లను ఱాయిఱాయిగ విప్పి తెచ్చి అచ్చట మరల నిలిపిరి. స్తుత్యమైన కార్యమే; కాని బొగ్గుగనులకును, ఇనుపకొలుములకును ఆ దృష్టిలో చోటు తక్కువ. ప్రేమించినదానినే చరిత్రయనుట ప్రేమకు సహజము, శాస్త్రమునకు లోపము. ఈ లోపము క్రమముగ తీఱినది. 1975లో పీటర్ స్మిత్ తన బృహద్గ్రంథమున కలవారి యిండ్లను, చిన్నరైతుల యిండ్లను కొలతలతో, పటములతో ప్రక్కప్రక్కన నిలిపెను. 1987లో మెర్థిర్ టిడ్‌ఫిల్ నుండి ఇనుపపనివారి ఆఱుయిండ్ల వరుస ఆ ప్రదర్శనశాలకే చేరెను. 1805 మొదలు 1985 వఱకు ఒక్కొక్క యింటిని ఒక్కొక్క కాలపు సామగ్రితో అలంకరించిరి. ఆ ఆఱు గదపలు దాటిన గృహిణికి పొయ్యి, మంచము, దీపము మాఱిన విధము కన్నులకు కట్టును. రాజుల వంశావళి అంతకంటె నెక్కువ చెప్పునా?

అయినను ఇల్లు నిలిచినంతమాత్రమున ఊరు నిలువదు. లివర్పూల్ పట్టణపు నీటికొఱకు ట్రెవెరిన్ లోయలోని కాపెల్ కెలిన్ గ్రామము 1965లో మునిగెను. వేల్సు ప్రతినిధులలో ఎక్కువమంది ప్రతికూలురైనను 1957లోనే పార్లమెంటు శాసనము చేసియుండెను. ప్రార్థనాలయము, బడి, తపాలాకచేరి, ఇండ్లు, వానితో వేల్సుభాషలో సాగిన నిత్యజీవనము నీటిపాలయ్యెను. 2005లో లివర్పూల్ నగరసభ క్షమాపణ చెప్పినది. క్షమాపణతో ఊరు లేచి రాదు.

కావున పురాతన గృహములను వర్ణించువారికి రెండు ధర్మములు కలవు. అందమైనదానితోబాటు అందములేనిదానిని వ్రాయవలెను; మిగిలినదానితోబాటు పోయినదానిని, పోగొట్టినవారిని వ్రాయవలెను. మొదటి ధర్మమును పీటు సగమే నెఱవేర్చెను. అయినను సామాన్యుని గడపకు విద్వాంసులను త్రోవ పట్టించిన గ్రంథకర్తగా ఆయన యెడల మన గౌరవము తఱుగదు.