ఆహార్యమే పాత్రయగునప్పుడు

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగా విభజించెను. మన విమర్శకులు తక్కిన మూడింటిని గూర్చి విరివిగా వ్రాసిరి గాని, ఆహార్యమును నేపథ్యగృహముననే విడిచిపెట్టిరి. ధరింపదగిన కళాఖండములను నాటకశాలలో ప్రదర్శించు వాడుక వ్యాపించిన నేడు ఈ ఉపేక్ష చెల్లదు. న్యూజిలాండు దేశమందలి నెల్సన్ ప్రాంతమున 1987లో ఒక పల్లెటూరి చిత్రశాల ప్రచారమునకై మొదలైన ఇట్టి ప్రదర్శన 2005లో వెల్లింగ్టన్ నగరమునకు తరలి మహోత్సవమై నిలిచినది. ఇట్టి వేదికపై ధరించినవారు సాధారణముగా మాటాడరు. ముఖమును పలుమాఱు కప్పబడియుండును. నడక యొక్కటే ఆంగికము. ఆహార్యమే పాత్ర. ఇది నాట్యమగునా, అంగడి యగునా యన్నది ప్రశ్న.

ఇది విదేశీయమైన ప్రశ్న యని తలపనక్కఱలేదు. నాయుడుపేటలో నిలిచి చూచినచో పడమట వెంకటగిరి మగ్గములు, స్వర్ణముఖి వెంట ఎగువకు పోయిన శ్రీకాళహస్తి కలంకారీ, దాని కావల తిరుపతి గంగజాతర వేషములు. మూడును ఒక పూట ప్రయాణములోనివే.

ముందుగా కలంకారీని చూతము. నూలుబట్టను కరక్కాయ రసము, పాలు కలిపి నానబెట్టి, బెల్లము ఇనుము పులియబెట్టిన నల్లరంగుతో, వెదురు కలముతో గీతలు గీయుదురు. పటిక పూసిన చోట వేరురంగు ఎఱుపై పట్టును. నడుమ నడుమ పాఱు నీట జాడింతురు. శ్రీకాళహస్తి పద్ధతిలో ఈ వస్త్రము ప్రధానముగా గుడిలో వ్రేలాడదీయుటకు పుట్టినది. నడుమ దేవతామూర్తి, చుట్టును వరుసలు తీర్చిన కథ, అడుగున తెలుగు అక్షరములలో వివరణ. అనగా అది చదువదగిన వస్త్రము. 1950ల చివర కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనికతో అచట శిక్షణ కేంద్రము వెలసి కళ నిలిచినది. కాలక్రమమున గుడి తెర చీరయైనది. కళాకారునికి కూడు పెట్టినదియు ఆ చీరయే కనుక దానిని నిందింపరాదు. కాని రామాయణము గీసిన చీరను కట్టినప్పుడు అరణ్యకాండ కుచ్చిళ్లలో మడతపడును. పైటపై పట్టాభిషేకము మాత్రము మిగులును. ధరించిన యువతి వేదిక చివరకు వచ్చి, ఒక్కమాఱు తిరిగి, మఱలిపోవును. వారముల తరబడి సాగిన పనికి ప్రేక్షకుని వలన దక్కునది అర నిమిషము. దానిపై రంగురంగుల దీపములు వేసినచో మొక్కల రంగుల అసలు స్వరూపమే తెలియదు.

మౌనముగా నడచు వేషము అర్థమీయజాలదా? ఈయగలదు. పాలెగానిని వెదకుచు గంగమ్మ దినమున కొక వేషము ధరించెనని తిరుపతి ఐతిహ్యము. జాతరలో బైరాగికి నామకొమ్ము తెలుపు, బండవేషమునకు కుంకుమ ఎఱుపు, తోటికి బొగ్గు నలుపు. పిదప దొర, మాతంగి, సున్నపుకుండలు. భరతుడు చెప్పిన అంగరచనకు ఇంతకంటె స్పష్టమైన లక్ష్యము మన సీమలో నాకు కానరాదు. అచట ప్రేక్షకుడు అర్థము నడుగడు, ఏలయన వేషములకు వరుస కలదు. నిన్నటి రంగు నేటి రంగునకు పూర్వకథ. అంగడి వేదికపై లోపించినది ఈ వరుసయే. ఒకదాని వెనుక నొకటి వచ్చునేకాని, ఒకదాని వలన నొకటి రాదు.

జాతర వీథిలోనిది, నాటకశాలకు పోలికయగునా యని ఆక్షేపింపవచ్చును. అట్లైన కూచిపూడి భామాకలాపమును చూడుడు. సత్యభామ ముఖము కానవచ్చుటకు మున్నే ఆమె జడ తెరమీదుగా వ్రేలాడును. సూర్యచంద్రాదుల రూపములు తాల్చిన నగలతో కూడిన ఆ జడ కేవలాలంకారము కాదు, పండితులకు విసరిన సవాలు. కనుపింపని స్త్రీ అహంకారమంతయు ఒక ధరించు వస్తువులో నిలిచినది. వేదాంతం సత్యనారాయణశర్మగారివంటి పురుషుడు ఆ పాత్ర ధరించి మెప్పు పొందుటలో ఆ తెరకును పాలు కలదని నా తలంపు. తెర లేనిచో జడ ఉత్త నగయే.

నేపథ్యమును భరతుడు పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని విభజించెను. వెదురు, బట్ట, తోలు మొదలగువానితో కల్పించు రూపములు పుస్తము. నేటి కళాఖండములు పుస్తమును దేహముపై కెక్కించిన అలంకారములు. ఈ సాంకర్యము దోషము కాదు, క్రొత్తదనమే. దానిని ప్రదర్శించువారు మాత్రము నాటకశాలను అద్దె మందిరముగా చూచుచున్నారు. తెర, వెలుగు, కూర్చుండి చూచు ప్రేక్షకుని ఓర్పు అను మూడు సాధనములను వాడుకొనుట లేదు. ఇద్దఱు పట్టుకొన్న తెరగా కలంకారీ వస్త్రము మొదట రంగమునకు రావలెను. తెల్లని వెలుగులో ప్రేక్షకుడు దానిని ఎడమ నుండి కుడికి చదువవలెను. పిదప నటి దానినే అందఱి యెదుట కట్టుకొనవలెను. అప్పుడు కుచ్చిళ్లలో మునిగిన అరణ్యకాండ చూచువాని స్మృతిలో విప్పియే యుండును.