ప్రసూతి గ్రంథము - పరీక్షార్థి

కర్నూలులో 1887లో జన్మించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియారు రచించిన ‘క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్’ 1938లో వెలువడినది. పిమ్మట డాక్టరు కృష్ణమేనన్ పేరును దానితో జతపడినది. నేటి స్త్రీవైద్య నిపుణ పరీక్షకు ఇట్టి గ్రంథము పనికివచ్చునా?

విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయపు ఎం.ఎస్. పట్టమునకు మూడేండ్ల శిక్షణ, సిద్ధాంత వ్యాసము, నాలుగు వ్రాతపత్రములు, రోగి యెదుట పరీక్ష, మౌఖిక పరీక్ష కలవు. ప్రశ్నోత్తర సంగ్రహములు వ్రాతపత్రమును గట్టెక్కించవచ్చును. రోగి యెదుట అవి చాలవు.

ఒక ఉదాహరణము చూడుడు. సాధారణ ప్రసవము పిమ్మట 500 మిల్లీలీటర్ల రక్తము పోయిన ప్రమాదమని సంగ్రహములు వల్లె వేయించును. రక్తహీనత గల తల్లికి అంతకన్న తక్కువయే ప్రాణాంతకము కావచ్చును. రక్తము తగ్గగానే గుండె వేగముగా కొట్టుకొని లోటు పూడ్చజూచును. రక్తపుపోటు పడిపోవునప్పటికి ఆలస్యమగును. కావుననే నాడి, రక్తపుపోటు వంటి లక్షణములు మారినచో 300 వద్దనే చికిత్స ఆరంభింపుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సూచించినది. అంకె మారినది, కారణము మారలేదు. ఉయ్యూరు నుండి విజయవాడ ఆసుపత్రికి తరలించు తల్లిని కాపాడునది ఆ కారణము నెరిగిన వైద్యురాలే.

రోగినుండి శాస్త్రమునకు నడచుట ముదలియారు గ్రంథపు గుణము. పాత ముద్రణలలోని మందులు, మోతాదులు నేడు ప్రమాణములు కావు, ఇది లోపము. కొత్త కూర్పునే చదువవలెను.

ఉపాధ్యాయులు రక్తప్రసరణము బోధించునపుడు “ఎంత?” తోపాటు “ఏల?” అనియు అడిగినచో ఆ పరీక్షకు పునాది పాఠశాలలోనే పడును.