పదహారు మాత్రల్లో ఇమిడే మాట

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగే తెలుగు పిల్లల నోట మూడు భాషలు కలిసి వస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర వదిలి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలివి. పిల్లల భాష పాడైపోయిందని పెద్దలు బాధపడతారు. ర్యాప్ కట్టాలనుకునే కుర్రాడికి మాత్రం ఆ కలగలుపే పెట్టుబడి. దానికి సాక్ష్యం ర్యాపర్ రాజా కుమారి.

ఆమె అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగింట పుట్టి, చిన్నతనంలోనే కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్నారు. 2014లో ఫాల్ అవుట్ బాయ్ బృందం పాడిన 'సెంచరీస్' రాసినవారిలో ఆమె ఒకరు. 2016లో 'ది కమ్ అప్', 2023లో సొంత సంస్థ నుంచి 'ది బ్రిడ్జ్' తెచ్చారు. ఇంగ్లీషు ర్యాప్ మధ్యలో, నాట్యానికి నోటితో పలికే జతులు దూసుకొస్తాయి.

జతి తెలిసినవాళ్లకు ర్యాప్ గుట్టు త్వరగా పట్టుబడుతుంది. ర్యాప్ దరువులో ఒక ఆవర్తాన్ని పదహారు చిన్న మాత్రలుగా లెక్కించవచ్చు. 'తకధిమి' నాలుగుసార్లు అంటే సరిపోతుంది, కానీ చప్పగా ఉంటుంది. 'తకిట' నాలుగుసార్లు అని, చివర ఒక్క 'తకధిమి' వేసి చూడండి. లెక్క పదహారే. అయినా ఊనిక దరువు మీద పడకుండా పక్కకు జరుగుతూ పోయి, చివరికి ఆవర్తం మొదలయ్యే సమం మీద వాలుతుంది. వినేవాడి తల ఊగేది అక్కడే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ఈ లెక్కలోనే తేలాలి. పాదం మధ్యలో దమ్ము తెగితే ఎంత గొప్ప మాటైనా కూలిపోతుంది.

తెలుగు ర్యాప్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. 'వస్తున్నా, పోతున్నా, చూస్తున్నా' అని క్రియలతో అంత్యప్రాస కట్టేయడం. అది వ్యాకరణం ఉచితంగా ఇచ్చే ప్రాస. మన పద్యంలో రెండో అక్షరానికి పట్టే ప్రాసను పాదం లోపల దాచితే పదునొస్తుంది. తెలుగు మాటకు హిందీ మాటతో, దానికి ఛత్తీస్‌గఢీ మాటతో ప్రాస కుదిర్చితే ఇంకెవరూ రాయలేని పాదం పుడుతుంది.

తోడు పాడేవాడు ఉండటమూ మనకు కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్‌లో పాండవుల కథను పాడి చెప్పే పండవానీని తీజన్‌బాయి నోట విన్నవాళ్లకు, ఆమె మాటకు ఊకొట్టి ఎదురు ప్రశ్న వేసే 'రాగీ' గుర్తుంటాడు. బుర్రకథలో ఆ పని వంతలది. ర్యాప్ వేదిక మీద పాదం చివరి మాటను అందుకునే రెండో గొంతుదీ అదే పని.

ఇలా కట్టిన పాటను పంచడానికీ దారి ఉంది. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్ కుర్రాళ్లు క్యాసెట్లలో నింపి చేతులు మార్చుకున్న పాటలే మిక్స్‌టేప్‌కు మొదలు. రికార్డు కంపెనీ ఆమోదం వాళ్లకు అక్కర్లేకపోయింది. ఇవాళ ఫోను చాలు.

బిలాస్‌పూర్‌లో ఉగాది సభలు జరిపే పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఏడాది పద్యపఠనం తర్వాత పది నిమిషాలు ర్యాప్ రాసే పిల్లలకు ఇవ్వండి. మూడు భాషల్లోనూ పాడనివ్వండి.