వేలెడంత మంట, దాని కాపలా

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో తెలుగువాళ్ళు కొనుక్కున్న ఇళ్ళలో చాలావాటికి హాలు గోడలో ఒక గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు దాని వైపు ఎవరూ చూడరు. చలి మొదలయ్యాక ఒక సాయంత్రం గోడమీది స్విచ్ వేస్తారు, ఏమీ జరగదు. కింది జాలీ తలుపు తీసి వంగి చూస్తే లోపల ఉండవలసిన చిన్న నీలిమంట కనిపించదు. ఆ మంటే పైలట్. దాన్ని మళ్ళీ నిలబెట్టడం చాలాసార్లు ఇంటివాళ్ళు చేసుకోగలిగిన పనే. కాని చెయ్యి పెట్టేముందు అక్కడ ఏ భాగం ఏ పని చేస్తోందో తెలియాలి. తెలిసినకొద్దీ ఆ చిన్న అమరిక మీద గౌరవం పెరుగుతుంది. ఇంట్లో ఉండే యంత్రాలలో ఇంత తక్కువ భాగాలతో ఇంత నమ్మకంగా పనిచేసేది మరొకటి నాకు తోచదు.

ఇక్కడ చెప్పేది రాత్రింబవళ్ళు వెలుగుతూ ఉండే పాతరకం పైలట్ గురించి. కొత్త ఫైర్‌ప్లేస్‌లలో అవసరమైనప్పుడే రవ్వతో అంటుకునే ఎలక్ట్రానిక్ పైలట్ వస్తోంది. దాని లెక్క వేరు.

అద్దం వెనక, పింగాణీ దుంగల కింద, ఒక మూలగా చిన్న లోహపు టోపీ కనిపిస్తుంది. దాని అడుగున గ్యాస్ వచ్చే సన్నటి గొట్టం, గొట్టం చివర సూదిమొన దూరేంత రంధ్రమున్న ఇత్తడి బిళ్ళ ఉంటాయి. టోపీ మెడ దగ్గర పక్కగా మరో కంత. గ్యాస్ ఆ సన్న రంధ్రంలోంచి వేగంగా చిమ్ముతూ, పక్క కంతలోంచి గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ టోపీలో కలిసి పైకి వచ్చి మండుతాయి. పాళ్ళు కుదిరితే మంట నీలంగా, బిగువుగా ఉంటుంది. గాలి తక్కువైతే పసుపురంగు తిరిగి, మెత్తబడి, మసి పెడుతుంది. టోపీకి కోసిన గాళ్ళ వల్ల మంట మూడు పాయలవుతుంది. ఒకటి పెద్ద బర్నర్ వైపు సాగుతుంది. రెండోది సన్నటి కడ్డీ మొనను తాకుతుంది. మూడోది పెన్సిల్ మందం ఉన్న మరో కడ్డీని చుట్టుకుంటుంది. బర్నర్‌ను వెలిగించేది మొదటి పాయ ఒక్కటే. మిగిలిన రెండూ మండేది వేడి కోసం. ఆ వేడితో నడిచేదే ఈ పొయ్యి కాపలా అంతా.

సన్నటి కడ్డీని థర్మోకపుల్ అంటారు. రెండు వేర్వేరు లోహాలను ఒక కొసన కలిపి, ఆ కలిపిన చోట వేడిచేసి, రెండో కొసను చల్లగా ఉంచితే వాటిలో కరెంటు పుడుతుంది. 1821లో బెర్లిన్‌లో థామస్ యోహాన్ సీబెక్ ఇలాంటి జతను వేడిచేసినప్పుడు పక్కన ఉన్న దిక్సూచి ముల్లు కదిలింది. ఆయన దాన్ని అయస్కాంత ప్రభావమనే అనుకున్నాడు. తీగలో కరెంటు పారుతోందని తేల్చింది తరవాతివాళ్ళు. మన పైలట్‌లోని థర్మోకపుల్ మొన ఎర్రబడేదాకా కాగినా, దాని నుంచి వచ్చేది దాదాపు 30 మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే చిన్న బ్యాటరీ ఇచ్చే దానిలో యాభయ్యో వంతు. ఇంత స్వల్పమైన శక్తికి గ్యాస్ కట్టివేసే బాధ్యత అప్పగించారు. అది ఎలా సాధ్యమైందన్నదే ఈ పనితనంలో గొప్ప సంగతి.

థర్మోకపుల్ రెండో కొస సన్నటి రాగి గొట్టంగా సాగి గ్యాస్ వాల్వులోకి వెళ్తుంది. అక్కడ మందమైన తీగను కొద్ది చుట్లు చుట్టిన చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. తీగ మందం, చుట్లు కొద్ది కనుక నిరోధం లేనట్టే. అందుకే వోల్టేజీ అంత తక్కువైనా కరెంటు మాత్రం వందల మిల్లీయాంపియర్లలో పారుతుంది. అయినా ఆ అయస్కాంతానికి గ్యాస్ దారిని మూసి ఉంచే మూతను తనవైపు లాక్కునే బలం లేదు. తనకు ఆనుకుని ఉన్న మూతను విడవకుండా పట్టుకునే బలం మాత్రమే ఉంది. లాగడానికి పెద్ద బలం కావాలి. ఆనుకున్న ఇనుమును పట్టి ఉంచడానికి కొంచెం చాలు. అందుకని లాగే పనిని మనిషి చేతికి వదిలారు. నాబ్‌ను పైలట్ గుర్తు దగ్గరికి తిప్పి లోపలికి నొక్కుతాం కదా, ఆ నొక్కుడుతో రెండు పనులు జరుగుతాయి: పైలట్‌కు గ్యాస్ దారి తెరుచుకుంటుంది, మూత వెళ్ళి అయస్కాంతానికి ఆనుతుంది. మంట వెలిగాక ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా నొక్కి పట్టుకోమనేది మొన కాగడానికే. తగినంత కాగాక చెయ్యి తీసేస్తే అయస్కాంతం మూతను పట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు మంట ఆరిందనుకోండి. మొన చల్లబడుతుంది, కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం పట్టు సడలుతుంది, వెనకున్న స్ప్రింగు మూతను టక్కున మూసేస్తుంది. పైలట్‌కూ బర్నర్‌కూ రెంటికీ గ్యాస్ ఆగిపోతుంది. తీగ తెగినా ఇదే, నట్ వదులైనా ఇదే, మొన కాలి అరిగిపోయినా ఇదే. ఏది చెడినా చివరికి దారి మూతపడటం వైపే వెళ్ళేలా కూర్చారు. మూయడానికి కరెంటు అక్కర్లేదు. తెరిచి ఉంచడానికే కావాలి. ఆ కరెంటు మంట ఉన్నంతవరకే పుడుతుంది. మంట ఆరితే గ్యాస్ ఆగే రకం స్టవ్‌లలో బర్నర్ పక్కన కనిపించే చిన్న కడ్డీ కూడా ఈ జాతిదే.

లావు కడ్డీ పేరు థర్మోపైల్. అందులో థర్మోకపుల్ జతలు పదుల సంఖ్యలో వరసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటీ ఇచ్చే మిల్లీవోల్టులు కూడుకుని 500 నుంచి 750 దాకా అవుతాయి. గోడమీది స్విచ్ వేసినప్పుడు పెద్ద బర్నర్‌కు గ్యాస్ వదిలేది ఈ కరెంటే. చాలా వాల్వుల్లో ఇది పెద్ద మూతను నేరుగా కదిలించదు. చిన్న దారి ఒకటి తెరుస్తుంది. దానితో పల్చటి పొర మీద గ్యాస్ ఒత్తిడి మారి, ఆ ఒత్తిడే పెద్ద మూతను తెరుస్తుంది. ఇంటి కరెంటుతో వీటికి పనిలేదు. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టెక్సస్‌లో లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఇలాంటి పొయ్యి ఉన్నవాళ్ళకు అది అక్కరకొచ్చింది. ఆ గోడ స్విచ్ తీగల్లో పారేది మిల్లీవోల్టులే కనుక, వాటిని ఇంటి వైరింగుతో ఎన్నడూ కలపకూడదు.

ఇంత తెలిశాక, పైలట్ ఎక్కడ చెడిందో అదే చెబుతుంది. రవ్వ పడినా మంట అసలు అంటుకోకపోతే గ్యాస్ రావడం లేదు, లేదా చాలాకాలం కట్టేసి ఉంచడం వల్ల గొట్టంలో గాలి నిండింది. నాబ్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే గాలి పోయి గ్యాస్ అందుతుంది. పైలట్ నిలిచి, పెద్ద బర్నర్ మాత్రం రాకపోతే థర్మోపైల్‌నో స్విచ్ తీగలనో చూడాలి. అన్నిటికంటే తరచు కనిపించేది మూడో తీరు: నొక్కినంతసేపూ మంట ఉంటుంది, చెయ్యి తీయగానే పోతుంది. వెంటనే థర్మోకపుల్ చచ్చిందని కొత్తది కొనేవాళ్ళు చాలామంది. ముందు మంటను చూడండి. అది థర్మోకపుల్ పైకొసను అర అంగుళం మేర చుట్టుకుని ఉండాలి. మొన మాత్రమే కాగాలి, కిందిభాగం చల్లగా ఉండాలి. రెంటి మధ్య తేడాయే కరెంటు. మంట పొట్టిగా, పసుపుగా, పక్కకు వాలి ఉంటే థర్మోకపుల్ తప్పేమీ లేదు. దుమ్ముదే తప్పు.

ఎండాకాలమంతా కట్టేసి ఉన్న పైలట్‌లో గాలి కంత చుట్టూ దుమ్ము, పెంపుడు జంతువుల నూగు పేరుకుంటాయి. సన్నటి గొట్టాల్లో సాలెపురుగులు గూడు కడతాయి. శుభ్రం చేయడానికి ముందు నాబ్ ఆఫ్ చేసి, పొయ్యికి వచ్చే గ్యాస్ కుళాయి కట్టేయాలి. అద్దమూ లోపలి లోహమూ పూర్తిగా చల్లారాలి. అయిదు నిమిషాలు ఆగి, నేల దగ్గర కూడా వాసన చూడాలి. ప్రొపేన్ గాలి కంటే బరువు కనుక కిందికి దిగి నిలుస్తుంది. గొట్టంలో వచ్చే సహజవాయువు తేలిక, పైకి పోతుంది. ఈ వాయువులకు సొంత వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సస్‌లోనే న్యూ లండన్ అనే ఊళ్ళో, కారుతున్నట్టు ఎవరికీ తెలియని గ్యాస్ పేలి బడి కూలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. గ్యాస్‌లో ఘాటువాసన కలపాలన్న చట్టం ఆ తరవాత వచ్చిందే. ఇప్పుడు మనకు కుళ్ళిన కోడిగుడ్డులా కొట్టే ఆ వాసనను చిన్నచూపు చూడకూడదు.

అద్దం కొక్కేలు తీసి, అద్దాన్ని మెత్తటి గుడ్డమీద పెట్టండి. దుంగలు ఎలా అమర్చి ఉన్నాయో ఫొటో తీసుకున్నాకే కదపండి. ఒక్కొక్కదాని చోటు తయారీదారు నిర్ణయించినదే, తప్పుగా పెడితే మంట వాటికి తగిలి మసి పడుతుంది. తరవాత పైలట్ టోపీ చుట్టూ, ముఖ్యంగా గాలి కంతలో, మెత్తటి బ్రష్‌తో దులిపి డబ్బాలో వచ్చే గాలితో ఊదాలి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. మంట ఇంకా నీరసంగా ఉంటే టోపీ లాగి, ఇత్తడి బిళ్ళను చిన్న అల్లెన్ కీతో విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. కిరోసిన్ పంపు స్టవ్ రోజుల నుంచి మనవాళ్ళకు పిన్ను పెట్టి పొడవడం అలవాటు. ఆ స్టవ్ పిన్ను దాని నాజిల్‌కు సరిపోయేలా తయారైనది. ఈ బిళ్ళకు అలాంటిది లేదు. ఇత్తడి మెత్తన, సూది గీరినా రంధ్రం పెద్దదై గ్యాస్ పాళ్ళు తప్పుతాయి. గాలితో ఊదండి, లేదా ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరనివ్వండి. అప్పటికీ పోకపోతే బిళ్ళ మార్చడమే. సహజవాయువు బిళ్ళా ప్రొపేన్ బిళ్ళా ఒకటి కావు, ప్రొపేన్‌ది చిన్నది. కొనేటప్పుడు మోడల్ నంబరు చూసి అడగాలి.

మంట బాగున్నా చెయ్యి తీస్తే ఆరిపోతుంటే ఇప్పుడు థర్మోకపుల్ వంతు. దాని నట్‌ను వాల్వు దగ్గర విప్పి, కొసనున్న చిన్న బొడిపెను సన్నటి గరుకు కాగితంతో ఒకసారి రుద్ది తుడవండి. ముందు చెప్పిన లెక్క ఇక్కడ కనిపిస్తుంది: 30 మిల్లీవోల్టులు దాటాల్సిన దారిలో పల్చటి చిలుము పొర కూడా పెద్ద గోడే. బిగించేటప్పుడు చేత్తో ఆగేదాకా తిప్పి, పానాతో పావు చుట్టు మాత్రమే వేయాలి. గట్టిగా బిగిస్తే లోపలి ఇన్సులేషన్ చితికి రెండు కొసలూ కలిసిపోతాయి. మల్టీమీటరు ఉంటే, విప్పిన కొసన ఒక ముల్లు, రాగి గొట్టం మీద ఒక ముల్లు పెట్టి, మరొకరు నాబ్ నొక్కి మంట పట్టి ఉంచగా చదవండి. మంచి థర్మోకపుల్ నిమిషంలోపే పాతిక మిల్లీవోల్టులు దాటుతుంది. పదీ పదిహేను దగ్గర ఆగిపోతే మార్చవలసిందే. అది ఖరీదైన వస్తువు కాదు, పాతది విప్పి అదే దారిలో కొత్తది వంపులు విరగకుండా పెట్టడమే పని.

గ్యాస్ గొట్టపు బిగింపును తాకి ఉంటే, పైలట్ వెలిగించాక అక్కడ సబ్బునురగ పూయండి. బుడగ లేస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో వెతకడం ఎప్పుడూ వద్దు. నాబ్‌ను చేత్తోనే నొక్కాలి, చేత్తోనే తిప్పాలి, పనిముట్లు వాడకూడదని ప్రతి పొయ్యి మీదా అంటించిన సూచనలో ఉంటుంది. చేత్తో తిరగలేదంటే లోపల ఏదో చెడిందని. బలవంతం చేస్తే పగిలేది కాపలా ఉన్న వాల్వే. ఆ వాల్వును విప్పకండి. మాసచూసెట్స్ లాంటి రాష్ట్రాల్లో గ్యాస్ పని లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలి. మీ రాష్ట్రంలో నియమం ఏమిటో ముందే కనుక్కోండి. నాబ్‌ను కట్టి ఉంచో, కొత్త తీగ వేసో థర్మోకపుల్‌ను దాటవేసే ఉపాయాలు ఎవరైనా చెబితే వినకండి. మంట లేనప్పుడు గ్యాస్‌ను ఆపేది అదొక్కటే.

శుభ్రం చేశాక, థర్మోకపుల్ మార్చాక కూడా మంట నిలవకపోతే వాల్వులోని అయస్కాంతం చెడినట్టు, టెక్నీషియన్‌ను పిలవండి. పని మధ్యలో గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ తాకకుండా అందరినీ బయటికి పంపి, బయటినుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. అద్దం తిరిగి బిగించకుండా పొయ్యి వెలిగించకండి. కాలిన వాయువులను ఇంట్లోకి రానివ్వనిది అదే. ఫైర్‌ప్లేస్ ఉన్న గదికి దగ్గర్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే, పైలట్ సంగతి తరవాత చూసుకోవచ్చు, ముందు అది కొని పెట్టండి.