ఫిల్మ్‌లో కనిపించే కొమ్మలు

కుడి ఊపిరితిత్తికి మూడు లోబులు, ఎడమదానికి రెండు. పాఠ్యపుస్తకంలోని ఈ బొమ్మకు అందరూ ఒదగరు. లోబుల మధ్య చీలిక కొందరిలో సగంలోనే ఆగిపోతుంది. కొందరిలో అజైగస్ సిర దారి తప్పి కుడి ఊపిరితిత్తి పైకొసను విడదీస్తుంది. ఎక్స్‌రేలో అది సన్నని వంపుగీతగా, అడుగున కామాలాంటి నీడతో కనిపిస్తుంది. చీలికల తేడాతో ఎక్కువ చిక్కు సర్జన్‌కే, కోసిన చోట గాలి కారుతుంది. మత్తు డాక్టరు చూసుకోవాల్సింది శ్వాసనాళం కొమ్మలను.

శ్వాసనాళం రెండుగా చీలాక కుడివైపు సుమారు 2 సెంటీమీటర్లకే పై లోబు కొమ్మ వచ్చేస్తుంది. ఎడమవైపు దాదాపు 5 సెంటీమీటర్ల జాగా ఉంటుంది. ఒక ఊపిరితిత్తిని ఆపి రెండోదానికే గాలి పంపే జంట గొట్టాన్ని ఎక్కువగా ఎడమవైపు దించేది అందుకే. అయితే నూటికి ఒకరిద్దరికి మించకుండా కొద్దిమందిలో, కుడి పై లోబు కొమ్మ ఆ చీలే చోటుకు పైనే, నేరుగా శ్వాసనాళం నుంచి పుడుతుంది. పందుల్లో ఇది మామూలే కాబట్టి పిగ్ బ్రాంకస్ అంటారు. చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలియదు. మత్తులో ఉండగా గొట్టం దాని మూతికి అడ్డుపడితే మాత్రం పై లోబు ముడుచుకుపోయి ఆక్సిజన్ తగ్గుతుంది. కుడి ఊపిరితిత్తిని ఆపడానికి శ్వాసనాళం చీలిన చోటుకు దిగువన, గాలి దారిని మూసే బ్లాకర్ పెడితే, పై లోబు సర్జన్ కళ్లెదుటే ఉబ్బుతూ ఉంటుంది.

మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి మీద చూపు హైదరాబాద్‌కు కొత్త కాదు. 1888, 1889లలో అక్కడ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ మత్తుమందు క్లోరోఫాంపై నడిపిన కమిషన్లు నాడిని కాదు, శ్వాసను గమనించమన్నాయి. క్లోరోఫాం గుండెకు నేరుగా హాని చేయదన్న వాటి తీర్మానం తర్వాత వీగిపోయింది. శ్వాసను కనిపెట్టి ఉండాలన్నది మిగిలింది.

ఇప్పుడు అదే నగరంలో యశోద, నిమ్స్ లాంటి ఆసుపత్రులున్న సోమాజిగూడ, పంజాగుట్టల్లో ఆపరేషన్ అనగానే పీఏసీ, అంటే మత్తుకు ముందు చేసే పరీక్ష, అంటారు. బంధువుల లెక్కలో అదొక సంతకం. నిజానికి ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, పొగతాగుతారా, పాత టీబీ ఉందా, గురక పెడతారా అన్నవన్నీ అక్కడే తేలాలి. పిల్లలకైతే కుడి పైభాగంలోనే మళ్లీమళ్లీ నిమోనియా వచ్చిందా అని అడగాలి. పిగ్ బ్రాంకస్‌కు అదొక ఆనవాలు. గడ్డ కోసం తీసిన సీటీ రిపోర్టులో కొమ్మల ఊసు ఉండకపోవచ్చు. కాబట్టి రిపోర్టు చదివి ఊరుకోవడం చాలదు, మత్తు డాక్టరు ఫిల్మ్‌ను స్వయంగా చూడాలి. తేడా కనబడితే గొట్టం సైజు, ఏ వైపు, ఎంత లోతు అన్నవి ముందే నిర్ణయించుకుంటారు. గొట్టం దించాక బ్రాంకోస్కోప్‌తో చూస్తారు. రోగిని పక్కకు తిప్పినప్పుడు గొట్టం జరగవచ్చు గనుక మళ్లీ చూస్తారు.