అపస్మారం: చూసినవారి కథ, మరచినవారి జీవితం

తెలుగు పత్రికల్లో ‘అపస్మారక స్థితి’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ప్రమాదంలో స్పృహ తప్పినవారికీ, వడదెబ్బకు పడిపోయినవారికీ ఒకే తీరున వాడే ఈ మాటకు మూలం ఒక వ్యాధి పేరు. స్మృతి అంటే గడిచినదాని ఎరుక, ‘అప’ అంటే తొలగిపోవడం. ఆ రెండూ కలిసి అపస్మారం అయిందని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం వివరిస్తుంది. స్మృతి, బుద్ధి, సత్త్వం చెదరడాన్నే చరకసంహిత కూడా ఈ వ్యాధి లక్షణంగా చెప్పింది.

ఇదే వ్యాధికి ఇతరులు పెట్టిన పేర్లు వేరే దారిన నడిచాయి. గ్రీకు ‘ఎపిలెప్సియా’ ఏదో వచ్చి పట్టుకోవడాన్ని సూచిస్తుంది. అరబ్బీ ‘సర్‌అ’ నేలకు పడదోయడాన్ని చెబుతుంది. కుస్తీకి వాడే మాట కూడా ఆ ధాతువునుంచే వచ్చింది. తెలుగులోని ‘కాకిసొమ్మ’ సొమ్మసిల్లడాన్నీ, నేటి వాడుకలోని ‘ఫిట్స్’ కాళ్లూ చేతులూ కొట్టుకోవడాన్నీ గుర్తుకు తెస్తాయి. ఇవన్నీ పక్కన నిలబడి చూసినవారు పెట్టిన పేర్లు. అపస్మారం మాత్రం అనుభవించినవారికి మిగిలేదేమిటో చెబుతుంది: మధ్యలో కొంత కాలం లేకుండా పోవడం. చూసినదానికీ మిగిలినదానికీ మధ్య ఉన్న ఈ ఎడమే మూర్ఛను గురించిన రచనలన్నిటికీ అసలు సమస్య. కువైట్ వంటి వలస దేశంలో అది బతుకు సమస్య కూడా అవుతుంది.

మూర్ఛతో పోయే జ్ఞాపకం ఒక్క రకానిది కాదు. మొదటిది మూర్ఛ జరిగిన నిమిషాలు. ఎరుక నిలిచి ఉందా లేదా అన్నదాన్నే అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సంఘం 2017 వర్గీకరణలో ఒక ముఖ్యమైన కొలతగా తీసుకుంది. రెండవది మూర్ఛ తరువాతి అయోమయం. మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు కూడా. ఆ మాటలు తరువాత అతనికి గుర్తుండవు. మూడవది నెమ్మదిగా సాగే నష్టం. మెదడులో కణతల వైపున్న భాగంలో, జ్ఞాపకాలను కుదురుపరిచే హిపోకాంపస్ దగ్గర మూర్ఛలు పుట్టేవారిలో కొందరికి పెళ్లిళ్లు, ప్రయాణాలు, గడిపిన సంవత్సరాలు కూడా చెదిరిపోతాయి. ఫోటో చూపితే అందులో ఉన్నది తామేనని ఒప్పుకుంటారు గాని, అక్కడ ఉన్నట్టు మాత్రం తోచదు.

సాహిత్యం ఈ మూడింటినీ వదిలి, వీటికి ముందున్న క్షణాన్ని పట్టుకుంది. దాస్తొయెవ్‌స్కీ నవల ‘ఇడియట్’ (1868–69)లో ప్రిన్స్ మిష్కిన్‌కు మూర్ఛకు ముందు ఒక అపూర్వమైన వెలుగు, సామరస్యం అనుభవమవుతాయి. మూర్ఛ గురించి రాసినవారిలో ఎక్కువమంది ఆ వెలుగు దగ్గరే ఆగిపోయారు. రచయిత స్వయంగా మూర్ఛరోగి. మూర్ఛల వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతింటోందని ఆయన ఉత్తరాల్లో వాపోయాడు. ఆయన మూర్ఛలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే భార్య ఆన్నా గ్రిగోర్యెవ్నా 1867లో సంక్షిప్తలిపిలో రాసుకున్న డైరీ చూడాలి. వెలుగును నవలాకారుడు రాశాడు, ఆ తరువాతి చీకటిని పక్కనున్న మనిషి రాసింది. ఫ్రెంచి చిత్రకథకుడు డావిడ్ బే 1996–2003 మధ్య ఆరు సంపుటాలుగా వెలువరించిన ఆత్మకథ కూడా ఈ కోవలోదే: మూర్ఛ అన్నది, కథ తమ్ముడిది.

వైద్యచరిత్రలోనూ ఇదే జరిగింది. మూర్ఛలు తగ్గించడానికి 1953లో జరిగిన శస్త్రచికిత్సలో హెన్రీ మొలైసన్ రెండు వైపుల హిపోకాంపస్‌లలో చాలా భాగం కోల్పోయాడు. ఆపైన కొత్త అనుభవమేదీ అతనిలో నిలవలేదు. ఇక్కడ జ్ఞాపకాన్ని తీసుకుపోయింది వ్యాధి కాదు, చికిత్స. 2008లో మరణించేదాకా లోకానికి అతను ‘హెచ్.ఎం.’ అన్న రెండక్షరాలు మాత్రమే. అతని గురించి ఎందరో పరిశోధకులు రాశారు. తన కథను వరుసగా చెప్పుకోగల స్థితి అతనికి లేదు.

అంటే అపస్మారానికి ఉత్తమపురుష కథనం దాదాపు అసాధ్యం. రోగికి తన మూర్ఛ వినికిడి మాటగానే తెలుస్తుంది. వైద్యం కూడా ఆ వినికిడి మీదే ఆధారపడుతుంది. మూర్ఛ లేని వేళ తీసిన ఇ.ఇ.జి. మామూలుగానే ఉండవచ్చు. కనుక కళ్లు ఎటు తిరిగాయి, ఎంతసేపు పట్టింది, లేచాక మనుషులను ఎప్పుడు గుర్తుపట్టింది అని వైద్యుడు చూసినవారినే అడుగుతాడు.

ఆ చూసినవారు ఎవరన్న ప్రశ్న కువైట్‌లో పదునెక్కుతుంది. రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాలనుంచి, గోదావరి జిల్లాలనుంచి ఎందరో తెలుగు స్త్రీలు అక్కడి ఇళ్లలో పనికి వెళ్లారు. భర్త, తల్లి, ఇరుగుపొరుగు సముద్రానికి ఇవతల ఉంటారు. ‘ఖద్దామా’గా పనిచేసే మనిషి వంటగదిలో పడిపోతే చూసేది ఆ ఇంటివారే, లేదా ఎవరూ ఉండరు. ఇంటివారు ‘సర్‌అ’ అంటారు, ఆమె ‘ఫిట్స్’ అంటుంది, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కువైట్‌లో నాడీవ్యాధులకు ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రికి ఇబ్న్ సీనా పేరే పెట్టారు. ‘అల్-ఖానూన్’లో సర్‌అ గురించి విస్తారంగా రాసిన ఆ వైద్యుడి పేరు మోసే చోటికి చేరినా, ఏం జరిగిందన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు.

పైగా అక్కడ సాక్షి తటస్థుడు కాదు. గృహకార్మికుల కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం వైద్యం చేయించే బాధ్యతను యజమాని మీద పెట్టింది. అయితే ఆమె అకామా కూడా ఆ కఫీల్‌తోనే ముడిపడి ఉంటుంది. పడిపోవడాన్ని చూసినవారికే ఆమెను తిరిగి పంపే అధికారం కూడా ఉన్నప్పుడు, చూడకుండా చేసుకోవడమే ఆమెకు రక్ష అవుతుంది. మాత్రలు దాచుకుని మింగడం, నాలుక కరుచుకున్న గాయాన్ని పంటినొప్పి అనడం ఈ భయంనుంచే పుడతాయి. నిద్ర చాలకపోవడం, మందు తప్పిపోవడం మూర్ఛను రప్పిస్తాయి; రంజాన్ నెలలో రాత్రి పొద్దుపోయేదాకా సాగే ఇంటిపనిలో రెండూ జరుగుతాయి. దాచిన మూర్ఛకు సాక్షి ఉండదు. సాక్షి లేని మూర్ఛ రెండుసార్లు పోతుంది: ఒకసారి ఆమె జ్ఞాపకంలోంచి, మరోసారి లోకం లెక్కలోంచి.

ఆన్నా డైరీ విలువ ఇక్కడ మరో విధంగా తెలుస్తుంది. ఆమె చూసింది, రాసింది. చూసినదాన్ని భర్త మీద ప్రయోగించే అవసరం ఆమెకు లేదు. సాక్ష్యం నిజం కావడంతోపాటు నిర్భయంగా కూడా ఉండాలి. గది పంచుకునే మరో తెలుగు స్త్రీ తారీకు, వేళ, నిమిషాలు ఒక పుస్తకంలో రాసిపెట్టినా, ఫోనులో అరనిమిషం చిత్రించినా అది వైద్యుడికి ఏ వర్ణనకన్నా మేలు. గల్ఫ్ వలసను గురించిన రచనలు సాధారణంగా అప్పు, ఎడబాటు, మోసం, శవపేటిక అన్న నాలుగు మెట్ల మీద నడుస్తాయి. అవన్నీ గుర్తున్నవారి దుఃఖాలు. గుర్తులేని గంటలు కూడా వలసలో భాగమేనని ఒప్పుకున్న రచన, తెలియనిదాన్ని కల్పనతో నింపకుండా ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి, పక్కనున్నవారి మాటను పక్కనున్నవారి మాటగానే చెప్పాలి. అపస్మారం అన్న పేరు పెట్టినవారు చూసింది ఆ ఖాళీనే.