చరిత్రకు ఒక్క సాక్షి చాలునా? - 1948 హైదరాబాదు రచనలపై ఒక పరిశీలన

నిజామాబాదు జిల్లాలోని రుద్రూర్ పరిసరాల పొలాలకు మంజీర నది నీరు అందుతున్నది. ఆ నదిపై నిజాంసాగర్ ఆనకట్ట నిర్మాణం 1923లో ఆరంభమై 1931లో పూర్తయినది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నీరు వచ్చిన తరువాత చెరకు సాగు విస్తరించినది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైనది. దాని చుట్టూ షక్కర్‌నగర్ వెలసినది. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఏర్పడినది. ఇంతవరకు ఎవరికీ అభిప్రాయభేదం లేదు. అయితే ఈ వాస్తవాల అర్థమేమిటని అడిగిన వెంటనే ఒక్క చరిత్ర అనేక చరిత్రలుగా విడిపోతున్నది.

ఆసఫ్ జాహీ పాలనను అభిమానించే రచయితకు ఆనకట్ట ఉస్మాన్ అలీ ఖాన్ ప్రజాహితానికి నిదర్శనం. జలాశయం కింద ఊరిని పోగొట్టుకున్న కుటుంబానికి అదే ఆనకట్ట వలస కథకు మొదలు. కోస్తా జిల్లాల నుండి వచ్చి వర్ని, రుద్రూర్, కోటగిరి ప్రాంతాలలో క్యాంపులు వేసుకొన్న రైతు తన చెమటతో బీడు మాగాణి అయినదంటాడు. స్థానిక రైతు మాత్రం తన తాతలు చౌకగా వదులుకొన్న భూమిని తలచుకొంటాడు. ఫ్యాక్టరీ కార్మికుని చరిత్రలో స్థాపన జరిగిన 1937 కంటె, ప్రభుత్వం దానిని ప్రైవేటు భాగస్వామికి అప్పగించిన 2002, చెరకు ఆడించడం ఆగిపోయిన 2015 పెద్ద సంవత్సరాలు. వీరిలో ఎవరూ అబద్ధమాడుట లేదు. కాని వీరిలో ఒక్కరి మాటనే చరిత్రగా స్వీకరిస్తే మిగిలినవారందరికీ అన్యాయం జరుగుతుంది.

కాలువ విషయంలో ఈ భేదం పెద్ద గాయం చేయదు. 1948 విషయంలో చేస్తుంది. ఆ సంవత్సరం సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించినాడు. ఆ అయిదు రోజులకు ఎన్ని పేర్లున్నవో చూడవలసి ఉన్నది. సైన్యం దానిని ఆపరేషన్ పోలో అన్నది. ప్రభుత్వం ‘పోలీసు చర్య’ అన్నది. సైన్యం జరిపిన పనికి పోలీసు పేరు పెట్టుటలో అది దేశాంతర్గత వ్యవహారమని చెప్పే ఉద్దేశం కలదు. ఉర్దూ రచయితలు ‘సుఖూతె హైదరాబాద్’, అంటే హైదరాబాదు పతనం, అన్నారు. తెలుగులో విమోచన, విలీనం, విద్రోహం అనే మూడు మాటలు చెల్లుబాటులో ఉన్నవి. ఈ తగవు నేటికీ తీరలేదు. 2022లో ఒకే సెప్టెంబర్ 17ను కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపినవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వమే ప్రజాపాలన దినోత్సవమని పేరు మార్చినది. అనువాదకునికి ఇది స్పష్టంగా తెలిసే విషయం: ఈ మాటలలో ఏదీ మరొకదానికి అనువాదం కాదు. ప్రతి మాటా ఒక తీర్పు.

ఆ కాలాన్ని గూర్చిన ప్రసిద్ధ గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ సంగతి మరింత తేటపడుతుంది. కె.ఎం.మున్షీ 1957లో, స్వామి రామానంద తీర్థ 1967లో, పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తమ గ్రంథాలను వెలువరించినారు. మీర్ లాయఖ్ అలీ గ్రంథం 1962లో కరాచీలో అచ్చయినది. మున్షీ హైదరాబాదులో భారత ప్రభుత్వ ప్రతినిధి. లాయఖ్ అలీ నిజాం ప్రధానమంత్రి. రామానంద తీర్థ స్టేట్ కాంగ్రెసు నాయకుడు. సుందరయ్య కమ్యూనిస్టు నాయకుడు. నలుగురూ ప్రత్యక్ష సాక్షులే, నలుగురూ కక్షిదారులే. సాక్షి కక్షిదారుడైనంత మాత్రాన అతని మాట కొట్టివేయదగినది కాదు. ఒంటరిగా స్వీకరించదగినదీ కాదు. పైగా నలుగురూ నాయకులు, నలుగురూ పురుషులు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించి, పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే వినిపించినప్పుడు, నాయకుల గ్రంథాలలో కనిపించని వంటింటి భయాలు, దారి కష్టాలు, పార్టీలోని చిన్నచూపు బయటపడినవి.

ఇక్కడ ముస్లిం పాఠకునికి ఒక చేదు మాట చెప్పవలసి ఉన్నది. హైదరాబాదును గూర్చి ముస్లిములు వ్రాసిన వాటిలో ఎక్కువ భాగం స్మృతిగీతాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, నిజాంసాగర్ అన్నీ వరుసగా వస్తాయి. వెట్టి చాకిరి రాదు. జాగీర్ల రైతుల గోడు రాదు. రజాకార్ల దౌర్జన్యం వచ్చినా ఒక్క వాక్యంలో దాటిపోతుంది. 1949లో జరిగిన జాగీర్ల రద్దు జాగీర్దారు ఇంటి నుండి చూస్తే సర్వనాశనం. అతని కౌలుదారు ఇంటి నుండి చూస్తే ఊపిరి. ఆ కౌలుదారులలో ముస్లిములూ ఉన్నారు. వారి చరిత్రను జాగీర్దారు కన్నీటితో వ్రాయుట సరికాదు.

మరొక పక్షం రచనలలో లోపం ఇంతకంటె చిన్నది కాదు. విమోచన గాథలలో కథ సెప్టెంబర్ 17తో ముగుస్తుంది. తరువాతి వారాలలో జరిగినది అందులో ఉండదు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన బృందం ఆ సంవత్సరాంతంలో జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల మంది మరణించి ఉంటారని ప్రభుత్వానికి నివేదించినది. అత్యధికంగా దెబ్బతిన్నవిగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలను పేర్కొన్నది. నాందేడ్ జిల్లా బోధన్‌కు సరిహద్దు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. 1988లో ఉమర్ ఖాలిదీ సంకలనం దాని భాగాలను పాఠకుల ముందుంచినది. అయితే ఆ నివేదికను చేతబట్టుకొనే ముస్లిం రచయిత దానిని పూర్తిగా చదవవలెను. రజాకార్ల అకృత్యాలనూ, పొరుగు ముస్లిములను కాపాడిన హిందువులనూ అది ప్రస్తావించినది. తనకు నచ్చిన పుట మాత్రమే చింపుకొనేవాడు సాక్ష్యాన్ని దాచిపెట్టినవాడే.

‘ముస్లిం దృక్పథం’ అన్నది ఒక్కటే ఉన్నదనుకొనుట కూడ పొరపాటు. ఖాసిం రజ్వీ ముస్లిం. రజాకార్లను ‘ఇమ్రోజ్’ పత్రికలో విమర్శించి 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ముస్లిం. నిజాం పాలనపై పోరాడిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. అట్లే అవతలి పక్షమూ ఒక్క రూపం కాదు. నిజాంను ఎదిరించి ఇందూరు కోటలోని జైలులో బంధింపబడిన దాశరథి, తరువాత గాలిబ్ కవిత్వాన్ని తెలుగు చేసినాడు. ప్రభువుపై ద్వేషం ఆయనకు భాషపై ద్వేషం కాలేదు. ఇట్టివారు జాబితాలకు లొంగరు గనుకనే చరిత్రకారునికి అవసరం.

ఇందుకు ఒక అభ్యంతరం చెప్పవచ్చును: ఎవరి చరిత్ర వారిదైతే సత్యమెక్కడ? ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. అనేక దృక్పథాలు వినుట అంటే అన్నిటికీ సమాన మార్కులు వేయుట కాదు. ముస్లిం విద్యాసంప్రదాయంలో దీనికి సమాధానం పాతదే. ఇమాం తబరీ (మరణం 923) ఒక సంఘటనపై పరస్పర విరుద్ధమైన రివాయతులను రావీల పేర్లతో సహా పొందుపరచి, వినరానివి కనిపిస్తే బాధ్యత చెప్పినవారిదని ముందే తెలియజేసినాడు. ఇబ్నె ఖల్దూన్ 1377 నాటి ముఖద్దిమాలో మరొక మెట్టెక్కి, పక్షపాతాన్ని అసత్య వార్తలకు ప్రథమ కారణాలలో చేర్చినాడు. హజ్రత్ మూసా (అ) వెంట ఆరు లక్షల సైన్యమున్నదన్న మసూదీ మాటను, అంత సైన్యం ఆ నేలపై నిలువగలదా అని లెక్కవేసి త్రోసిపుచ్చినాడు. రివాయత్ అంటే అందరినీ వినుట. దిరాయత్ అంటే విన్నదానిని తూచుట. మొదటిది లేనిదే రెండవదానికి త్రాసులో వేయుటకు ఏమీ ఉండదు.

దివ్య ఖుర్ఆన్‌లో సూరా హుజురాత్ ఆరవ ఆయతు వార్తను విచారించి స్వీకరించమంటున్నది. సూరా మాయిదా ఎనిమిదవ ఆయతు ప్రకారం శత్రుత్వం న్యాయానికి అడ్డు కారాదు. సూరా నిసా 135వ ఆయతు సాక్ష్యం సొంతవారికి వ్యతిరేకమైనా నిలబడి చెప్పవలెనంటున్నది. చరిత్ర రచన సాక్ష్యమే కనుక ఈ ఆజ్ఞలు దానికీ వర్తిస్తాయి. ఇతరుల పుస్తకాలు పక్షపాతంతో నిండి ఉన్నవని ఫిర్యాదు చేయుటకు ముందు, తన ఇంటి పుస్తకాలను ఈ త్రాసులో పెట్టుట ముస్లిం చదువరి బాధ్యత.

చేయవలసిన పని చేరువలోనే ఉన్నది. బోధన్, రుద్రూర్ ప్రాంతం తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడింటినీ ఎరిగిన నేల. ఆ కాలపు దఫ్తర్ల కాగితాలు ఉర్దూలో ఉన్నవి; కూలీల, రైతుల జ్ఞాపకాలు తెలుగులో, మరాఠీలో ఉన్నవి. ఉర్దూ చదివేవానికి తెలుగు గోడు వినపడక, తెలుగు చదివేవానికి ఉర్దూ దుఃఖం అందక డెబ్బది ఏండ్లు దాటిపోయినవి. 1948ని కండ్లారా చూచినవారు చాలా కొద్దిమంది మిగిలి ఉన్నారు. వారి మాటలను, ఏ మతం వారివైనా, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, రెండవ భాషలోనికి తేవలెను. తీర్పు ఆ తరువాత.